రూబీ రెండు భోజనాలు

ఒకటో తరగతి పిల్ల మధ్యాహ్నం ఎంత తింటుంది? గుప్పెడు తిని, గుప్పెడు కింద పోసి, మిగిలింది బాక్సులోనే ఉంచి మూత పెట్టేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మిగిలినదానికి తిట్లు తింటుంది. ఎవరి పిల్లయినా అంతే. రూబీ మాత్రం రోజూ రెండు భోజనాలు తినేది. రెండూ గిన్నె అడుగు కనిపించేదాకా తినేది. ఆకలై కాదు, ఇష్టమై అసలే కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు చేసిన నిర్వాకం అది.

వాళ్ళది జగ్గయ్యపేట. రూబీ తండ్రి బెన్ని ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే దగ్గర పనిచేస్తాడు. తల్లి జాయిస్ పేట బజారులో శ్రీమన్నారాయణగారి బట్టల కొట్లో పనిచేస్తుంది. బెన్ని తల్లి ఆరోగ్యమ్మ కూలికి పోతుంది, సీజన్‌లో మిరపకోతలకు. ఫ్యాక్టరీ దగ్గర వేరే ఇల్లు తీసుకుందామని జాయిస్, అమ్మనొదిలి ఎక్కడికీ రానని బెన్ని ఏడాదిపాటు గొణుక్కున్నారు. క్రిస్మస్ నాడు ఇంటినిండా చుట్టాలుండగా ఆ గొణుగుడు కాస్తా అరుపుల్లోకి దిగింది. "ఉంటే ఉండు, పోతే పో" అన్నాడు బెన్ని. జాయిస్ బట్టలు సర్దుకుని చిల్లకల్లులో పుట్టింటికి వెళ్ళిపోయింది.

చిల్లకల్లు ఏమన్నా కాశీ రామేశ్వరమా? ఆటో ఎక్కితే పావుగంట. ఆ పావుగంట ప్రయాణం చేసి భార్యను పిలుచుకు రావటానికి బెన్నికి అహం అడ్డొచ్చింది. పిలవకుండా రావటానికి జాయిస్‌కు అభిమానం అడ్డొచ్చింది. మధ్యలో నలిగింది పిల్ల. బడి పేటలోనే కాబట్టి పరీక్షలయ్యేదాకా రూబీ తండ్రి దగ్గర ఉండేట్టు, ఆ తరవాత ఎవరి దగ్గరుండాలో చర్చి సంఘ పెద్దలు కూర్చుని తేల్చేట్టు మాట్లాడుకున్నారు. పెద్దల్లో పెద్ద పుల్లయ్యగారు. "ఎవరు బాగా చూసుకుంటే వాళ్ళకే పిల్ల. అందులో తిరుగులేదు" అని బెన్ని ఇంటి వరండాలో కూర్చుని టీ తాగుతూ అన్నాడాయన. తలుపు పక్కన బొమ్మకు జడ వేస్తున్న రూబీ ఆ మాట వింది.

ఆరోగ్యమ్మ చీకటితోనే లేచి వంట చేసేది. కోతల రోజుల్లో ఆమె చేతులు భగభగ మండుతుంటాయి. సబ్బుతో కడిగినా, మజ్జిగలో ముంచినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో ముద్ద కలిపితే పసిదాని నోరు మండిపోతుందని గరిటెతోనే అన్నం, పప్పు, నెయ్యి కలిపి, ఉడికించిన గుడ్డు పైన పెట్టి, స్పూను వేసి, బాక్సు సర్ది, బ్యాగులో పెట్టి పనికి పోయేది. తల్లి వెళ్ళిన కొత్తలో ఒకరోజు ఆ బాక్సు సగం అన్నంతో తిరిగొచ్చింది. ఆరోగ్యమ్మ మూత తీసి చూసి మంచం పట్టె మీద కూలబడింది.

"నా చేతి కూడు సయించట్లేదురా బెన్నీ దీనికి. ఇదింక నా దగ్గర ఉండదు. ఆళ్ళమ్మ దగ్గరికే పోద్ది" అని ఏడ్చింది.

నాయనమ్మ ఏడవటం రూబీ అంతకుముందు ప్రార్థనలో తప్ప చూడలేదు. మర్నాటి నుంచి బాక్సు ఖాళీగా రావటం మొదలైంది.

కొన్నాళ్ళకు జాయిస్ బడికి వచ్చింది. చిన్న తరగతుల పిల్లలకు తల్లులు మధ్యాహ్నం వచ్చి తినిపించుకోవచ్చని ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. బెల్లు కొట్టగానే రేకుల షెడ్డు కింద తల్లులంతా క్యారేజీలు విప్పుకుని కూర్చుంటారు. జాయిస్ కొట్లో అడిగి ఆ గంట సెలవు పెట్టుకుంది. చిల్లకల్లులో పొద్దున్నే వండి, మూడు గిన్నెల క్యారేజీ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, కొట్లో బల్ల కింద దాచి, మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చింది. కూతుర్ని వాటేసుకుని అడిగిన మొదటి మాట:

"నాయనమ్మ బాక్సు పెట్టిందా?"

రూబీ తల్లి మొహం చూసింది. క్యారేజీ చూసింది. పెట్టిందంటే అమ్మ ఆ క్యారేజీ తీసుకుని తిరిగి వెళ్ళిపోతుంది. రేపు రాదు.

"పెట్టలేదు మమ్మీ."

ఆరేళ్ళ పిల్ల ఆడిన అబద్ధం అదొక్కటే. సండే స్కూల్లో అబద్ధమాడొద్దని చెప్పారు కాబట్టి పడుకునేముందు దేవుడికి సారీ కూడా చెప్పుకుంది. కానీ ఆ అబద్ధం జాయిస్ గుండెల్లో నిప్పు పోసింది. కన్న బిడ్డను ఆకలితో బడికి పంపుతున్నారా? ఇంత కక్షా? అనుకుంది. అత్తింటివాళ్ళను అడగొచ్చుగా? అడగదు. అడిగితే తను బడికి వస్తున్న సంగతి తెలుస్తుంది, తెలిస్తే బెన్ని గేటు దగ్గర ఆపిస్తాడని భయం. "నేనొస్తున్నట్టు ఇంట్లో చెప్పకమ్మా" అని కూతురి దగ్గర మాట తీసుకుంది.

ఇక అప్పటి నుంచి రూబీ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున ఇంటర్వెల్లో మిగతా పిల్లలు బిస్కెట్లు తింటూ పరిగెడుతుంటే, తను బ్యాగుతో సహా నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి నాయనమ్మ బాక్సు తీసేది. గుడ్డు ముందు తినేసేది, లేకపోతే చివర్లో గొంతు దిగదని. స్పూనుతో పప్పన్నం ఎత్తి ఎత్తి నోట్లో పెట్టుకుని, నీళ్ళతో మింగేది. బెల్లు కొట్టేలోపు అయిపోవాలి. మధ్యాహ్నం షెడ్డు కింద అమ్మ ముద్దలు.

తల్లి చేతి ముద్ద ఎంత కమ్మగా ఉంటే ఏం లాభం, కడుపులో చోటుండాలిగా. జాయిస్ ముద్దలకు పేర్లు పెట్టి తినిపించేది. వెనక, ముగ్గురూ కలిసున్నప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక బెన్ని బండి మీద ముక్త్యాల రేవుకు వెళ్ళి కృష్ణ ఒడ్డున తినేటప్పుడు కూడా అలాగే పెట్టేది. ఇది డాడీ ముద్ద, ఇది నాయనమ్మ ముద్ద, ఇది మమ్మీ ముద్ద అని. ఇప్పుడు షెడ్డు కింద తాతయ్య ముద్ద ఉంది, అమ్మమ్మ ముద్ద ఉంది, మమ్మీ ముద్ద ఉంది. డాడీ ముద్ద, నాయనమ్మ ముద్ద పోయాయి. ఎక్కడికి పోయాయని రూబీ అడగలేదు. కడుపు బిగబట్టుకుని నోరు తెరిచేది.

ఒకసారి ఇంక చాలని తల అడ్డంగా ఊపింది. జాయిస్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "మమ్మీ అన్నం వద్దా? అలవాటు తప్పిపోయిందా నీకు?" అన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూబీ వెంటనే నోరు తెరిచింది. మళ్ళీ ఎప్పుడూ తల ఊపలేదు.

సాయంత్రాలు వాంతులు పట్టుకున్నాయి. ఒకరోజు ఆటోలో, ఒకరోజు ఇంటి మెట్ల మీద. ఆరోగ్యమ్మ హడలిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనె పొట్టకు రాసింది. బెన్ని సెలవు పెట్టి నందిగామలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "అరగట్లేదు. మధ్యాహ్నం ఏం తింటుంది?" అన్నాడు.

"బాక్సులో కొంచెం పప్పన్నం అండి. ఒక గుడ్డు. మెతుకు మిగల్చదండి, కడిగినట్టే తెస్తది" అన్నాడు బెన్ని గొప్పగా.

అంత మాత్రం తిండికి ఇలా ఎందుకవుతుందో డాక్టరుకు అంతుపట్టలేదు. నులిపురుగుల మాత్ర, ఒక సిరప్పు రాసిచ్చాడు. పక్కనే ఉన్న రూబీ సిరప్పు సీసా మీది బొమ్మ చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక జరిగింది వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పిల్ల చిక్కిపోతోందని ఆరోగ్యమ్మ కాస్త పెద్ద బాక్సు కొన్నది. అక్కడ షెడ్డు కింద, పిల్ల మొహం పీక్కుపోతోందని, రాత్రి కూడా సరిగా పెట్టట్లేదు కాబోలని జాయిస్ ఇంకో గిన్నె పెంచింది. ఇద్దరూ ప్రేమతోనే పెంచారు. అందులో అనుమానం లేదు. పిల్ల ఏమైపోతుందో మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక చర్చి పక్క పాకలో పెద్దలు కూర్చున్నారు. ఒకవైపు చాప మీద బెన్ని, ఆరోగ్యమ్మ. ఇంకోవైపు జాయిస్, ఆమె తండ్రి రూబెన్. మధ్య కుర్చీలో పుల్లయ్యగారు, పక్కన పాస్టరు మోజెస్‌గారు. మాటలు ఎంతసేపు సాగుతాయో ఏమో, పిల్ల ఆకలికి ఆగలేదని ఆరోగ్యమ్మ కొత్త బాక్సు తెచ్చింది. జాయిస్ క్యారేజీ తెచ్చింది. రూబీ గుంజకు ఆనుకుని నిలబడింది.

పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి, కలిసుండే మార్గం ఏమన్నా ఉందేమో చూడమన్నారు. పుల్లయ్యగారికి అంత ఓపిక ఎక్కడిది? ఆయనకు తీర్పు చెప్పటమంటే పండగ. గొంతు సవరించుకుని, "ముందు పిల్ల సంగతి తేల్చుదాం. జాయిస్, నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

జాయిస్ లేచి నిలబడింది. "పిల్లని నాకిచ్చెయ్యండి పుల్లయ్యగారూ. వీళ్ళు నా బిడ్డకి అన్నం పెట్టట్లేదు. ఖాళీ బ్యాగుతో బడికి పంపుతున్నారు. నేను రోజూ మధ్యాహ్నం పోయి తినిపిస్తేనే తింటంది."

ఆరోగ్యమ్మ అరిచిన అరుపుకు పాక పైకప్పు లేచిపోయింది.

"ఎవతే అన్నం పెట్టనిది? కోడి కూయకముందు లేచి బాక్సు కడుతున్నా నేను! గుడ్డు లేకుండా ఒక్క పూట పంపలా. సాయంత్రానికి కడిగినట్టు తెస్తది బాక్సు. దేవుని సన్నిధి పక్కన నిలబడి అబద్ధాలాడతావా?"

"నాకేం అవసరం అత్తయ్యా అబద్ధమాడటానికి? మీరు బాక్సు కడితే నేను పెట్టిన అన్నం అంతా ఎట్టా తింటది? నాలుగు గిన్నెలూ ఖాళీ చేస్తంది. ఆకలితో లేకపోతే అంత తింటదా?"

"నువ్వు పెడితే నా బాక్సెట్టా ఖాళీ అవుద్ది?"

"అది మీరే చెప్పాలి."

బెన్ని లేచి భార్యను అబద్ధాలకోరన్నాడు. రూబెన్ లేచి అల్లుడి మీదికి వేలు చూపించాడు. ఒక ముసలమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ చెవులు మూసుకుంది. అక్కడ అంతమంది పెద్దలున్నారు, లోకం చూసినవాళ్ళున్నారు. రెండూ నిజమే కావచ్చని ఒక్కరికీ తోచలేదు. ఎదుటివాళ్ళది అబద్ధం కాకపోతే మనది నిజం కాదనుకునే జాతి మనది.

పుల్లయ్యగారు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఆయన మొహంలో వెలుగొచ్చింది. ఆ వెలుగు వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఎవరికో ఒకరికి మూడేదే.

"ఆగండాగండి. ఇంతమంది మాటలెందుకు? పిల్లే చెప్తది. ఆ రెండూ తెచ్చి ఇక్కడ పెట్టండి."

బాక్సూ క్యారేజీ మధ్యలో చాప మీద పెట్టారు. మూతలు తీశారు. ఒకదాంట్లో కోడికూర అన్నం. ఇంకోదాంట్లో అన్నం, టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం. పుల్లయ్యగారు రూబీని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాడు.

"బుజ్జమ్మా, భయం లేదు. ఎవరూ ఏమీ అనరు. నీకేది ఇష్టమో అది తిను. ఎవరి అన్నం తింటే వాళ్ళ దగ్గరుందువుగాని."

పాస్టరుగారు, "పసిబిడ్డ కదా అన్నా" అని ఏదో అనబోయారు. పుల్లయ్యగారు వినిపించుకోలేదు.

రూబీ తల ఎత్తి నాయనమ్మ వైపు చూసింది. ఆరోగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అమ్మ వైపు చూసింది. జాయిస్ నిలబడి రెండు చేతులూ పిసుక్కుంటోంది. తండ్రి నేలచూపులు చూస్తున్నాడు. పిల్ల బాక్సులోంచి ఒక ముద్ద తీసుకుని తింది. ఆరోగ్యమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. వెంటనే రూబీ క్యారేజీలోంచి ఒక ముద్ద తీసుకుని తింది. మళ్ళీ బాక్సు. మళ్ళీ క్యారేజీ. ఎక్కడా ఎక్కువ తక్కువ రాకుండా, ఇటొకటి అటొకటి.

మొదట ఎవరో నవ్వారు. గడుసుపిల్ల అన్నారు. ఇటొకటి అటొకటి పోతూనే ఉంటే ఆ నవ్వు ఆగిపోయింది. పిల్ల నమలటం లేదు, మింగుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎడంచేత్తో పొట్ట పట్టుకుని కుడిచేత్తో తింటోంది.

"చాలమ్మా, ఇంక చాల్లే" అన్నారు పాస్టరుగారు.

రూబీ నోటినిండా అన్నంతోనే తల అడ్డంగా ఊపింది. "రెండూ అవగొడతా. రోజూ అవగొడుతున్నాగా. నాయనమ్మది ఇంటర్వెల్లో, మమ్మీది అన్నం బెల్లుకి. ఇయ్యాల కూడా తింటా. మీరు ఏడవొద్దు."

ఆరోగ్యమ్మ నోటి మీది కొంగు జారిపోయింది. జాయిస్ నిలబడినదల్లా కూలబడింది. ఇన్నాళ్ళ వాంతులు, సిరప్పు, పెద్ద బాక్సు, పెంచిన గిన్నె అన్నీ ఒక్కసారిగా వాళ్ళ కళ్ళ ముందుకు వచ్చి ఉంటాయి. రావాలి కూడా.

రూబీ ఇంకో ముద్ద తీసుకోబోయింది. చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది. ఒళ్ళంతా ఒక్కసారి కదిలి, చాప మీదే వాంతి చేసుకుంది.

జాయిస్ ఒక్క ఉదుటున వచ్చి నుదురు పట్టుకుంది. ఆరోగ్యమ్మ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి వీపు రాసింది. బెన్ని పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి, జేబురుమాలు తడిపి కూతురి నోరు తుడిచాడు. ముగ్గురూ ఒకే చోట కూర్చోవటం క్రిస్మస్ తరవాత అదే మొదలు. దాని గురించి ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు.

రూబీ ఊపిరి తీసుకుని, చాప మీద పడినదాన్ని భయంగా చూసింది. నాయనమ్మ చీర పట్టుకుంది.

"ఎవరిది బయటికొచ్చింది నాయనమ్మా? నీదా, మమ్మీదా?"

"ఎవరిదైతే ఏంటి తల్లీ..."

"ఎవరిది కక్కితే వాళ్ళ దగ్గర ఉండనియ్యరా? నేను కావాలని కక్కలా. మళ్ళీ తింటా. అది మళ్ళీ తింటా."

ఆరోగ్యమ్మ పెద్దగా ఏడ్చింది. సంఘమంతా చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా గుండెలు బాదుకుంది. పుల్లయ్యగారు కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, ఏదో చెప్పబోయాడు.

"ఇంక ఆపండి పుల్లయ్యగారూ. చాలు" అన్నాడు బెన్ని. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆయన నోటి నుంచి తీర్పు రాకపోవటం ఆ సంఘంలో అదే మొదటిసారి.

కాసేపటికి ఆరోగ్యమ్మ మొహం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "రేపట్నుంచి నేను బాక్సు కట్టను జాయిసూ. నువ్వే పెట్టు. నీ బిడ్డ. నువ్వే తీసుకో."

జాయిస్ తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, వద్దన్నట్టు. "మీరే కట్టండి అత్తయ్యా. నేను వండుకు రాను. మీరు కట్టిందే నేనొచ్చి కలిపి తినిపిస్తా. మీ చేతులు మండుతున్నాయిగా."

మొగుడూ పెళ్ళాల మధ్య తగువు తీరిందని కాదు. వేరే ఇల్లు సంగతి అలాగే ఉంది, పోతే పో అన్న మాట అలాగే ఉంది. ఆ పూటకు తేలింది ఒక్కటే. పిల్ల ఎవరి దగ్గరున్నా మధ్యాహ్నం ఒకటే భోజనం.

జాయిస్ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న రూబీ ఇదంతా వింటోంది. నీరసంగా కళ్ళు తెరిచింది.

"అయితే ఒక్కటే తినాలా మమ్మీ?"

"ఒక్కటే అమ్మా."

"మొత్తం తినాలా?"

"వద్దు నాన్నా. నీకెంత కావాలో అంతే తిను. మిగిలితే మిగిల్చెయ్."

రూబీ ఒకసారి అమ్మ మొహం, ఒకసారి నాయనమ్మ మొహం, ఒకసారి తండ్రి మొహం చూసింది.

"మిగిలిస్తే ఎవరేడుస్తారు?" అని అడిగింది.

ఎవరూ ఏడవరమ్మా అని చెప్పాలని జాయిస్ నోరు తెరిచింది. అప్పటికే ముగ్గురూ ఏడుస్తున్నారు.